సైకోపతి అంటే మనిషా, రోగమా?

సందేహం: ఒక హత్య కేసు వార్తలో "నిందితుడు సైకోపతి అని డాక్టర్లు తేల్చారు" అని చదివాను. అదే వార్తలో కింద ఒకచోట "ఉన్మాది" అనీ, ఇంకోచోట "మానసిక రోగి" అనీ ఉంది. ఈ మూడూ ఒకటేనా? సైకోపతికి సరైన తెలుగు మాట ఏది?

సమాధానం: ముందు ఆ 'పతి' సంగతి చూద్దాం. మనిషిని సైకోపాత్ అంటారు, అతనిలోని స్వభావాన్ని సైకోపతి అంటారు. సేనాపతి, లక్షాధిపతి, గణపతి విని విని ఉన్నాం కాబట్టి 'పతి' అనగానే మనకు ఎవరో ఒక మనిషి కనిపిస్తాడు. కానీ ఈ పతికీ ఆ పతికీ చుట్టరికం లేదు. ఇది గ్రీకు 'పాథోస్' నుంచి వచ్చింది. బాధ, వేదన అని అర్థం. హోమియోపతిలో ఉన్నదీ ఇదే. ఆ మందులిచ్చే డాక్టరుగారిని "ఆయన పెద్ద హోమియోపతి" అనం కదా!

గ్రీకులో 'సైకీ' అంటే మనసు, ఆత్మ. రెండు ముక్కల్నీ మక్కికి మక్కి మారిస్తే 'మనోవ్యాధి' వస్తుంది. అయితే "మనోవ్యాధికి మందు లేదు" అన్నప్పుడు మన పెద్దల మనసులో ఉన్నది దిగులు. కొడుకు చెప్పకుండా ఇల్లు వదిలి వెళ్తే మంచం పట్టిన తల్లిది మనోవ్యాధి. సైకోపాత్‌కు లేనిది సరిగ్గా ఆ దిగులే.

'ఉన్మాది' ఇంకా పెద్ద చిక్కు. మనసు, బుద్ధి, జ్ఞాపకం, శీలం, నడవడి వంటివన్నీ తారుమారు కావడమే ఉన్మాదమని చరక సంహిత చెబుతుంది. లేని గొంతులు వినబడడం, ఎవరో చంపడానికి వస్తున్నారని నమ్మడం లాంటి సైకోసిస్‌కు ఆ మాట దగ్గరగా ఉంటుంది. సైకోపతి అధ్యయనం మొదలైందే ఇవేవీ లేని మనుషుల్ని చూసి. బుద్ధి నిక్షేపంగా ఉండి కూడా ఉద్రేకంతో దారుణాలకు దిగేవాళ్ల స్థితికి ఫ్రెంచి వైద్యుడు ఫిలిప్ పినెల్ 1801లో 'భ్రమ లేని ఉన్మాదం' అని పేరు పెట్టాడు. 1941లో అమెరికా సైకియాట్రిస్టు హెర్వీ క్లెక్లీ ఈ మనుషుల లక్షణాలు రాస్తూ, భ్రమలు లేకపోవడాన్ని కూడా ఆ జాబితాలోనే చేర్చాడు. పైకి కనిపించే స్థిమితం ఒక ముసుగు అన్నాడు. మేకవన్నె పులి అన్న మాట ఎప్పటినుంచో ఉన్న మనకు ఈ ఊహ కొత్తేమీ కాదు. కానీ అది తిట్టు. తిట్టుతో కొలవలేం. పైగా సైకోపతి లక్షణాలున్న ప్రతివాడూ పులిలా మీద పడడు.

కొలిచే సాధనం వేరే ఉంది. కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ హేర్ ఖైదీల మీద ఏళ్ల తరబడి పనిచేసి తయారుచేసిన చెక్‌లిస్టులో 20 అంశాలున్నాయి. పైపై తీపి మాటలు, అలవాటుగా అబద్ధాలాడడం, పశ్చాత్తాపం లేకపోవడం, ఇతరుల మీద పడి బతకడం అలాంటివి. ఒక్కోదానికి 0, 1 లేదా 2 వేస్తారు. మొత్తం 40. ఉత్తర అమెరికాలో 30 గానీ అంతకు మించి గానీ వస్తే సైకోపాత్ కింద లెక్క. బ్రిటన్‌లో 25ను గీతగా పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అంటే 27 వచ్చిన మనిషి ఒక గట్టున సైకోపాత్, మరో గట్టున కాదు! శిక్షణ పొందిన నిపుణుడు మనిషితో మాట్లాడి, కేసు రికార్డులు కూడా చూసి ఈ మార్కులు వేయాలి. వాళ్లు చెప్పేది విని ఊరుకుంటే లాభం లేదు, అబద్ధమాడడం ఆ జాబితాలోనే ఉంది మరి.

ఆ జాబితాలోని ఒక అంశాన్ని తెలుగులో 'సానుభూతి లేకపోవడం' అని రాస్తుంటారు. 'సహానుభూతి' అంటే మేలు. జాలి చూపడం వేరు, ఎదుటివాడి బాధ మన ఒంటికి తగలడం వేరు.

ఇంకో మెలిక. అమెరికా సైకియాట్రీ సంఘం రోగాల పట్టికలో సైకోపతి విడిగా లేదు. దానికి దగ్గరగా ఉన్న మాటను 'సంఘవ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత' అంటున్నారు. దాన్ని 'సంఘవిద్రోహ' అని మార్చారా, పోలీసు ప్రెస్‌నోటు అయి కూర్చుంటుంది.

కాబట్టి ఎంత వెతికినా 'సైకోపతి'ని అలాగే ఉంచడమే నయమని నాకు అనిపిస్తుంది. టెన్షన్‌ను ఉంచుకున్నాం, దీన్నీ ఉంచుకుందాం. మీరు చదివిన వాక్యాన్ని "నిందితుడిలో సైకోపతి లక్షణాలు ఎక్కువగా ఉన్నట్టు పరీక్షలో తేలింది" అని రాయాల్సింది. అసలు పరీక్షే జరగలేదా, అప్పుడు 'నిందితుడు' అని రాసి ఊరుకోవాలి.