పెట్టె మీద ఐపీ44 అని రాసి, నీళ్లు పోయాయి వారంటీ రాదంటే?

ప్రశ్న: మాది భీమిలి. సముద్రానికి దగ్గర్లో ఇల్లు. వరండాలోకి నిరుడు ఏప్రిల్‌లో 7,400 రూపాయలు పెట్టి ‘ఔట్‌డోర్’ సీలింగ్ ఫ్యాన్ కొన్నాను. పెట్టె మీద ఐపీ44 అని ఉంది. అక్టోబరు వానల్లో ఆగిపోయింది. కంపెనీ సర్వీసు అబ్బాయి వచ్చి, విప్పి చూసి, ‘లోపల బోర్డు తడిసింది, నీళ్లు పోతే వారంటీ వర్తించదు’ అని స్లిప్పు మీద రాసి సంతకం పెట్టి వెళ్లాడు. కార్డులో వారంటీ రెండేళ్లని ఉంది. కేసు వేయవచ్చా? - పేరు వేయవద్దన్న పాఠకుడు

జవాబు: వేయవచ్చు. అయితే ముందు మీరు నాకు ఒక నిజం చెప్పాలి. ఆ ఫ్యాన్ మీద నీళ్లు ఎలా పడ్డాయి?

దసరాకి ముందు బూజులు దులిపి, పైపు పట్టుకుని వరండా పైకప్పుదాకా కడిగేయడం మన ఇళ్లలో మామూలే. మీ ఇంట్లోనూ అదే జరిగి ఉంటే కేసు బలహీనపడుతుంది. ఎందుకో ఆ నంబరే చెబుతుంది. ఐపీ అంటే వస్తువు లోపలికి బయటివి పోకుండా ఎంత రక్షణ ఉందో చెప్పే కోడ్. దాని తర్వాత వచ్చే మొదటి అంకె దుమ్ము, ధూళి లాంటి వాటికి, రెండోది నీటికి. నీటి వైపు 4 అంటే ఏ పక్క నుంచి నీళ్లు చిందినా తట్టుకోవాలి. పైపుతో ధారగా కొట్టినా తట్టుకోవాలంటే అక్కడ 5 ఉండాలి. ఆ పరీక్షలో 6.3 మిల్లీమీటర్ల నాజిల్‌తో నిమిషానికి 12.5 లీటర్ల నీళ్లు కొడతారు. మీ కంపెనీ 4 అని మాత్రమే చెప్పింది. చెప్పనిదానికి దాన్ని పట్టుకోలేం.

పైపు సంగతి లేదు, ఈదురుగాలికి వాన జల్లు వరండాలోకి కొట్టిందంతే అంటారా? అప్పుడు మీ చేతిలో మంచి కేసు ఉంది. కంపెనీ తనకు రక్షణ అనుకుని రాయించిన ఆ స్లిప్పే మీకు మొదటి సాక్ష్యం. చిందే నీళ్లు పడితే ఏమీ కాదని పెట్టె మీద అచ్చేసిన వస్తువు లోపలికి నీళ్లు పోయాయని కంపెనీ మనిషే సంతకం పెట్టి ఒప్పుకున్నాడు. స్లిప్పు జాగ్రత్త. రసీదు కాగితం వెలిసిపోయే రకమైతే ఇవాళే ఫోటో తీసుకోండి.

చట్టం ఏమంటుందంటే, వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 2(10) ప్రకారం, అమ్మేవాడు ఉంటుందని చెప్పిన నాణ్యత, ప్రమాణం వస్తువులో లేకపోతే అది ‘లోపం’. సెక్షన్ 2(47) ఇంకా పదునైనది. సరైన పరీక్ష చేయకుండా వస్తువు పనితీరుకు హామీ ఇవ్వడం అనుచిత వ్యాపార పద్ధతి. పరీక్ష చేశామని కంపెనీ వాదిస్తే, దాన్ని రుజువు చేసే భారం కూడా కంపెనీదే. అందుకే నా దగ్గరికి ఇలాంటి కేసులు వస్తే నోటీసులో మొదటి వాక్యం ఒకటే రాస్తాను: ఈ మోడల్‌కు ఐఎస్/ఐఈసీ 60529 (ఐపీ నంబర్లకు ఆధారమైన ప్రమాణం) ప్రకారం చేయించిన పరీక్ష రిపోర్టు కాపీ పంపండి. ఆ రిపోర్టు మోటారుకే పరిమితమా, బోర్డు, పైనున్న కప్పుతో సహా మొత్తం ఫ్యాన్‌కా అన్నది కూడా అడగండి. మోటారుకు వచ్చిన నంబరును పెట్టె మీద ఫ్యాన్ మొత్తానికి వేసినట్టు తేలితే, ఇక అవతలి లాయరుకే టెన్షన్.

రెండు సంగతులు మాత్రం ఫిర్యాదులో కలపకండి. మొదటి అంకె 4 అంటే ఒక మిల్లీమీటరు, అంతకన్నా లావున్నవి లోపలికి పోవని అర్థం. సన్నటి ఇసుక ధూళి గురించి అది ఏ మాటా ఇవ్వదు. దానికి 5 గాని 6 గాని కావాలి. అలాగే ఉప్పుగాలికి రాడ్డు, స్క్రూలు తుప్పు పట్టడం ఐపీ పరిధిలో లేదు. ఆ నీటి పరీక్షలు మంచినీళ్లతో చేస్తారు, సముద్రపు నీళ్లతో కాదు. తుప్పును కూడా కలిపి రాస్తే అసలు పాయింటు పలచబడుతుంది.

నోటీసు కంపెనీకి, అమ్మిన దుకాణానికి స్పీడ్ పోస్టులో పంపి, పదిహేను రోజులు టైమివ్వండి. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, చాలామందికి పని అక్కడే అయిపోతుంది. కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే, మీరు ఉండేచోటే వేయవచ్చు. అయిదు లక్షల లోపు కొన్నవాటికి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు, మా వాళ్లు కోప్పడినా చెబుతున్నాను. ఫ్యాన్ ఆగిపోయిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. లోపాన్ని పరీక్షించి తేల్చాల్సి వస్తే కమిషన్ ఫ్యాన్‌ను సీలు చేసి ల్యాబ్‌కు పంపుతుంది, దాని ఖర్చు ముందు మిమ్మల్నే కట్టమనవచ్చు. కేసు మూడు నెలల్లో, ల్యాబ్‌కు వెళ్తే అయిదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. కమిషన్ల గుమ్మాలెక్కేవాళ్లం ఆ గడువును కాస్త నవ్వుతూ చదువుతాం.

కొత్త ఫ్యాన్ గాని, డబ్బు వాపసు గాని, కొంత పరిహారం, ఖర్చులు అడగండి. ఏడు వేల ఫ్యాన్‌కు లక్షలు అడిగితే మీ మిగతా మాటల విలువ కూడా తగ్గుతుంది.

ఊళ్లో ఎలక్ట్రీషియన్‌తో ఇంకోసారి విప్పించకండి. మీరు విప్పించారు, సీలు మీ చేతుల్లోనే పోయింది అని అవతలి వాళ్లు అంటారు. సర్వీసు వాళ్లు మళ్లీ వస్తే విప్పేదంతా ఫోన్‌లో వీడియో తీయండి. లేదంటే దింపించి, రెక్కలతో సహా దాని పెట్టెలోనే పెట్టి దాచండి. ఆ అట్టపెట్టె పాత సామాన్లవాడికి వేసేయలేదనే అనుకుంటున్నాను.