టికెట్లు కాక లక్షన్నరలో సింగపూర్: ముగ్గురికి, నాలుగు రాత్రులకు లెక్క

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్ నుంచి భార్యాభర్తలు, పదేళ్ల పాప వెళ్తున్నారు. నాలుగు రాత్రులు. విమానం టికెట్లు తీసేసుకున్నారు. చేతిలో ఇంకో లక్షన్నర ఉంది, సరిపోతుందా అని.

సరిపోతుంది. కానీ "రోజుకి ఇన్ని వేలు" అని భాగించుకుంటే రెండో రోజుకే లెక్క తప్పుతుంది. సింగపూర్‌లో తిండి, రైలు మరీ ఖరీదేం కాదు. డబ్బంతా గదికి, టికెట్ కొని చూసే చోట్లకి, బిల్లు చివర కలిసే శాతాలకి పోతుంది. అందుకని ముందు ఆ పెద్ద మొత్తాలు తీసి పక్కన పెట్టి, మిగిలింది రోజులకి పంచుకోండి. కింద డాలర్ అన్న ప్రతిచోటా సింగపూర్ డాలరే. రూపాయల్లోకి 75 చొప్పున వేశాను. మీరు వెళ్లే రోజుకి రేటు కాస్త తక్కువే ఉండొచ్చు, కార్డు చార్జీలు కూడా అందులోనే సర్దుకోవాలని అలా వేశాను.

గదితో మొదలుపెడదాం, బడ్జెట్‌లో మూడో వంతు అదే. లిటిల్ ఇండియా, ఫారర్ పార్క్, రోచోర్ స్టేషన్లకి నడిచే దూరంలో మామూలు హోటల్ గది 120 నుంచి 160 డాలర్ల మధ్య దొరుకుతుంది. ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉన్నాయేమో చూడండి. ఉంటే ముందు 10 శాతం సర్వీస్ చార్జి, ఆ మొత్తం మీద 9 శాతం జీఎస్టీ పడతాయి. అంటే 140 అని రాసిన గదికి కట్టేది 167 డాలర్ల 86 సెంట్లు. నాలుగు రాత్రులకి 672, మన డబ్బుల్లో 50,400. బుకింగ్‌లో పాప వయసు తప్పకుండా రాయండి. అక్కడి చవక గదులు చాలా చిన్నవి, కొన్ని ఇద్దరికి మించి ఒప్పుకోవు. చెప్పకుండా వెళ్తే కౌంటర్ దగ్గర అదనపు మంచానికో, పెద్ద గదికో డబ్బు అడుగుతారు. కిటికీ లేని గదులు కూడా ఉంటాయి, వివరాల్లో ఆ మాట ఎక్కడో చిన్నగా రాసి ఉంటుంది. ఇల్లు అద్దెకి తీసుకుంటే చవక కదా అనుకోవద్దు. అక్కడ ప్రైవేటు ఇళ్లని మూడు నెలలకంటే తక్కువకి అద్దెకివ్వడం చట్టవిరుద్ధం. ఫార్ములా వన్ రేసు సెప్టెంబర్, అక్టోబర్ ప్రాంతంలో జరుగుతుంది, ఆ వారం గదుల ధరలు విపరీతంగా పెరుగుతాయి. తేదీలు అటు పడుతున్నాయేమో చూసుకోండి.

ఆ ప్లస్ గుర్తుల దెబ్బ హోటళ్లలో కంటే రెస్టారెంట్లలో ఎక్కువ తగులుతుంది. మెనూలో 12 డాలర్ల ప్లేట్లు మూడు తీసుకుంటే 36 అనుకుంటాం. సర్వీస్ 3.60 కలిస్తే 39.60, దాని మీద జీఎస్టీ 3.56 కలిస్తే 43.16. కూర్చోగానే టేబుల్ మీద వేరుశెనగపప్పు గిన్నె, తడి టిష్యూ పెట్టే చోట్లు కొన్ని ఉన్నాయి, వాటికీ బిల్లు వేస్తారు. వద్దంటే మొహమాటం లేకుండా తీసేస్తారు, అడగండి. నీళ్ల సీసా అలవాటు కూడా మానుకోండి. అక్కడ కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు, ఇంటి నుంచి తలా ఒక సీసా పట్టుకెళ్లండి.

హాకర్ సెంటర్లలో, అంటే చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే ప్రాంగణాల్లో, ఈ గొడవ లేదు, బోర్డు మీద ఎంతుంటే అంతే. ప్లేటు నాలుగు నుంచి ఎనిమిది డాలర్లు. మీకు దగ్గర్లో ఉండేది టెక్కా సెంటర్. దోసె, బిర్యానీ, రొట్టె, టీ అన్నీ అక్కడే. శాకాహారులైతే సెరంగూన్ రోడ్డు మీద 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ ఉంది. ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ ఒక్కటే కనిపిస్తే అది ఎవరో పట్టుకున్న సీటు అని అర్థం, కూర్చోవద్దు. తిన్నాక ట్రే మీరే తీసి పెట్టాలి, అది నియమం. పొద్దున 15, మధ్యాహ్నం 22, రాత్రి కూర్చుని తినే చోట 33, టీలు, పాపకి ఐస్‌క్రీమ్ కలిపి 10 అనుకుంటే రోజుకి 80 డాలర్లు. నాలుగు రోజులకి 24,000 రూపాయలు. పొడులు, జంతికలు తీసుకెళ్లొచ్చు గానీ గసగసాలు మాత్రం వద్దు, గసగసాలు కలిపిన మసాలా పొడి కూడా వద్దు. అక్కడ అవి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. గుట్కా, ఖైనీ, ఈ-సిగరెట్, చూయింగ్ గమ్ కూడా పెట్టెలో ఉండకూడదు.

రైలు సంగతి. చాంగీ విమానాశ్రయంలో రైలెక్కి తర్వాతి స్టేషన్ ఎక్స్‌పోలో దిగి, డౌన్‌టౌన్ లైన్ మారితే నేరుగా లిటిల్ ఇండియాలో దిగుతారు. టాక్సీ అయితే మీటరు, ఎయిర్‌పోర్ట్ సర్‌చార్జి కలిపి 25 నుంచి 40 డాలర్లు. అర్ధరాత్రి నుంచి ఆరు దాకా మీటరు మీద 50 శాతం అదనం. మీ విమానం తెల్లవారుజామున దిగితే కాస్త ఆగి మొదటి రైలు పట్టుకోవడమే మేలు. గది మధ్యాహ్నం గానీ ఇవ్వరు కాబట్టి పెట్టెలు హోటల్లో పెట్టేసి బయటికి వెళ్లండి. పొద్దునే చేరుతున్నామని ఒక రాత్రి అదనంగా బుక్ చేస్తే పన్నెండు వేలు వృథా.

కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు (వీసా, మాస్టర్‌కార్డ్) ఉంటే స్టేషన్ గేటు దగ్గర దాన్నే తాకించి వెళ్లొచ్చు. బయల్దేరే ముందు బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేసి ఉన్నాయా చూడండి. జనం చేసే తప్పులు రెండు. ఒకటి, ఒకే కార్డు ముగ్గురికీ తాకించబోవడం. కుదరదు, మనిషికి ఒక కార్డు ఉండాలి. రెండోది, లోపలికి ఫోన్‌తో వెళ్లి బయటికి వచ్చేటప్పుడు అదే బ్యాంకు ప్లాస్టిక్ కార్డు తాకించడం. యంత్రానికి అవి రెండు వేర్వేరు కార్డులు, రెండు అసంపూర్తి ప్రయాణాలుగా లెక్కేసి ఎక్కువ కోస్తుంది. విదేశీ బ్యాంకు కార్డుకి వాడిన ప్రతి రోజుకీ 60 సెంట్ల రుసుం కూడా ఉంది. పాపకి స్టేషన్లో ఈజీ-లింక్ అనే ప్రయాణ కార్డు కొనండి: 10 డాలర్లు, అందులో 5 వాడుకోవడానికి. రోజుకి నాలుగు ప్రయాణాల చొప్పున ముగ్గురికీ కలిపి 24 డాలర్లు వేసుకున్నా మొత్తం 100 దాటదు, 7,500. టూరిస్ట్ పాస్ మీకు గిట్టదు. ఎక్కువ తిరిగేవాళ్లకి గానీ దాని డబ్బులు రావు.

చూడాల్సినవాటిలో టికెట్ పెట్టాల్సినవి రెండే ఎంచుకోండి, ఒక పెద్దది, ఒక మధ్యస్థం. పాప కోసం యూనివర్సల్ స్టూడియోస్ అనుకుంటే ముగ్గురికీ 230 దాకా, గార్డెన్స్ బై ది బేలో అద్దాల తోటలకి 120 దాకా పక్కన పెట్టండి. 350 డాలర్లు, 26,250 రూపాయలు. గార్డెన్స్‌లో బయటి తోట, రాత్రి 7:45కి, 8:45కి సూపర్‌ట్రీలనే పెద్ద కృత్రిమ చెట్ల దీపాల ప్రదర్శన ఉచితం. ఆ చెట్ల కింద వెల్లకిలా పడుకుని చూడండి, డబ్బు పెట్టి చూసిన చాలావాటికంటే పాపకి ఇదే గుర్తుంటుంది. 7:45 ప్రదర్శన కాగానే నడిచి మరీనా బే సాండ్స్ హోటల్ ముందుకి వెళ్తే రాత్రి 9కి నీళ్లు, లేజర్ల ప్రదర్శన, అదీ ఉచితమే. ఈ రెండిటికీ దిగాల్సిన స్టేషన్ బేఫ్రంట్, లిటిల్ ఇండియా నుంచి అక్కడికి రైలు మారక్కర్లేదు. యూనివర్సల్ స్టూడియోస్ ఉన్న సెంటోసా దీవికి హార్బర్‌ఫ్రంట్ స్టేషన్లో దిగి వివోసిటీ మాల్ నుంచి మోనోరైలు ఎక్కితే మనిషికి 4 డాలర్లు, తిరుగు ప్రయాణం ఉచితం. ఎండ లేకపోతే పక్కనే ఉన్న బోర్డ్‌వాక్ మీద నడిచి వెళ్లండి, ఏమీ కట్టక్కర్లేదు.

వీసా ప్రభుత్వ రుసుం మనిషికి 30 డాలర్లు, ఏజెంట్ సేవతో ముగ్గురికీ పదివేలు పెట్టుకోండి. అరైవల్ కార్డు మాత్రం పూర్తిగా ఉచితం. దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపు సింగపూర్ ఇమిగ్రేషన్ శాఖ (ఐసీఏ) సొంత సైటులో నింపాలి. వెతికితే ముందు వచ్చే కొన్ని సైట్లు దానికీ డబ్బులు అడుగుతాయి, వాటి జోలికి పోకండి.

కార్డు గురించి ఒక జాగ్రత్త. మన మామూలు క్రెడిట్ కార్డుల మీద విదేశీ మార్కప్ 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 4.13 శాతం పోతుంది. మార్కప్ లేని కార్డు ఒకటి సంపాదించండి. షాపులో యంత్రం "రూపాయల్లోనా, డాలర్లలోనా" అని అడిగితే ఎప్పుడూ డాలర్లే నొక్కండి. రూపాయలు నొక్కితే రేటు వాళ్లిష్టం. హోటల్ డిపాజిట్‌కి ఫారెక్స్ కార్డు, డెబిట్ కార్డు ఇవ్వొద్దు. వెనక్కి రావడానికి రోజులు పడుతుంది, ఈలోగా మీ ఖర్చు డబ్బే ఇరుక్కుపోతుంది. క్రెడిట్ కార్డు ఇవ్వండి. హాకర్ దుకాణాల కోసం 150 డాలర్ల నగదు చాలు.

కూడితే: వీసా 10,000, గది 50,400, తిండి 24,000, రైలు 7,500, టికెట్లు 26,250, రెండు టాక్సీలు 5,250, ఫోన్ డేటా, ప్రయాణ బీమా 5,000. మొత్తం 1,28,400. మిగిలేది 21,600. అందులో పదివేలు కదిలించకండి, జ్వరానికో తప్పిన రైలుకో అది ఉండాలి. మిగతాది లిటిల్ ఇండియాలోని ముస్తఫా అనే పెద్ద షాపులో మీ ఇష్టం. ఒకే షాపులో 100 డాలర్లకి తగ్గకుండా కొంటే పాస్‌పోర్ట్ చూపించి జీఎస్టీ వాపసుకి నమోదు చేయించుకోండి. కొన్నవి పెద్ద పెట్టెలో వేస్తున్నట్లయితే చెక్-ఇన్‌కి ముందే విమానాశ్రయంలో జీఎస్టీ వాపసు యంత్రం దగ్గరికి వెళ్లాలి. వస్తువు చూపించమనొచ్చు, పెట్టె లోపలికి వెళ్లిపోయాక చూపించడానికి ఏమీ ఉండదు.