బాణం తగిలాక ఏమైందో రాయి

తమ్ముడూ,

నీ కథ మొన్న పాలకొండ బస్సులో ఒకసారి, ఇంటికొచ్చాక ఇంకోసారి చదివాను. గెడ్డని వాగు చెయ్యకుండా గెడ్డ అనే రాశావు, తుప్పల్ని తీసుకెళ్లి పొదలు చెయ్యలేదు, అందుకు సంతోషం. కానీ నాలుగో పేజీలో నీ సవర గిరిజన కుర్రాడు బాణం వెయ్యడం, అది దుప్పి పొట్టలో దిగడం, వీడు కేక పెట్టుకుంటూ వెనకే పరుగెత్తడం, పది అడుగుల్లో అది కూలిపోయి కన్నీళ్లతో వీడి వైపు చూడడం... అక్కడ ఫోను పక్కన పెట్టేశాను.

కోపం కాదులే. ఇలాంటి తప్పే నేనూ చేశాను. సీతంపేట వైపు బడిలో పనిచేసే రోజుల్లో ఒక వేట కథ రాసి, అచ్చయిన పత్రిక పట్టుకెళ్లి, కుర్రతనంలో వేటాడిన ఒక సవర పెద్దాయనకి గొప్పగా చదివి వినిపించాను. నా కథలో రాత్రంతా కుండపోత, తెల్లారి వేటగాడు బండ మీద నెత్తురు మరక చూసి జాడ పడతాడు. ఆయన అంతా విని, "అంత వాన పడితే నెత్తురెక్కడుంటాది మాస్టారూ?" అన్నాడు. పత్రిక మడిచి సంచిలో పెట్టేసుకున్నాను. ఆ తర్వాత చాలా సాయంత్రాలు ఆయన అరుగు మీద కూర్చుని విన్నవే ఇప్పుడు నీకు రాస్తున్నాను. మా మేనల్లుడు ఒకడు పెన్సిల్వేనియాలో లైసెన్సు తీసుకుని విల్లుతో లేళ్ల వేటకెళ్తాడు. వాడి విల్లుకి కప్పీలు, బాణానికి బ్లేడుల్లాంటి ములికి, అయినా జాడ తియ్యడం గురించి వాడు చెప్పేదీ పెద్దాయన చెప్పిందీ దాదాపు ఒకటే.

బాణం తూటా కాదు. ఆ దెబ్బ ఊపుకి జంతువు పడిపోదు, నెత్తురు పోయి పడుతుంది. గుండెకో ఊపిరితిత్తులకో సూటిగా తగిలినా వంద గజాలు లగెత్తి మరీ పడొచ్చు. అందుకే బాణం వదిలినవాడు చేసే మొదటి పని పరుగెత్తడం కాదు, కదలకుండా చూడడం. తగలగానే వెనక కాళ్లు విసిరి దూకిందా, లేక వీపు గూనిలా వంచి మెల్లగా నడుచుకుంటూ పోయిందా? దూకితే ఛాతీలో తగిలి ఉండొచ్చు, వీపు వంచితే పొట్టలో. ఆఖరిసారి ఏ చెట్టు దగ్గర కనబడిందో గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే చెట్టు మీంచో బండ మీంచో కిందికి దిగాక అడవంతా ఒకేలా ఉంటుంది.

తర్వాత బాణం. ఒంట్లోంచి దూసుకుపోయి నేల మీద పడుంటే అదే సగం చెప్తుంది. లేత ఎరుపు నెత్తురు, అందులో నురగ బుడగలు ఉంటే ఊపిరితిత్తులు, అరగంట ఆగి వెళ్తే చాలు. చిక్కటి ముదురు ఎరుపైతే కాలేయం అనుకుని మూడు నాలుగు గంటలు ఆగాలి. పచ్చగా, జిగటగా, ముక్కుకి దగ్గర పెట్టుకుంటే పేగుల కంపు కొడితే మాత్రం ఎనిమిది గంటలు, పన్నెండు గంటలు, ఒక్కోసారి తెల్లారేదాకా అటు వెళ్లకూడదు. ఎందుకంటే పొట్టలో దెబ్బ తిన్న జంతువు ఎవరూ తరమకపోతే కొంత దూరంలోనే, తరచుగా నీళ్లు ఉన్న వైపు, పడుకుంటుంది. తరిమితే లేచి మైళ్లు పోతుంది. పొట్ట గాయం బయటికి నెత్తురు ఎక్కువ కార్చదు కాబట్టి ఇక జాడ దొరకదు, అది ఎక్కడో నలిగి నలిగి చస్తుంది.

నీ దుప్పికి తగిలింది పొట్టలోనే. అంటే నీ కథ నువ్వు వదిలేసిన ఆ రాత్రిలో ఉంది! కుర్రాడు ఆగాలి. చుట్ట కాలిస్తే వాసన పోతుంది, దగ్గు వస్తే నోట్లో తువ్వాలు కుక్కుకోవాలి, కింద ఎక్కడో ఆ జంతువు పడుకుని ఉందని తెలుసు. అప్పుడు కొండ మీద మబ్బు పట్టించు. వెళ్తే అది లేచిపోతుంది, వెళ్లకపోతే వాన జాడ కడిగేస్తుంది. నాకైతే రెండు పేజీలూ అదే కావాలి.

జాడ తీసేటప్పుడు వాడిని నెత్తురు చుక్కల మీద నడిపించకు, పక్కనుంచి నడిపించు, తొక్కేస్తే మళ్లీ చూసుకోడానికి ఏమీ మిగలదు. చుక్కలు నేల మీదే వెతకక్కర్లేదు, దుప్పి ఒళ్లు రాసుకున్న అడ్డాకుల మీద మోకాలి ఎత్తులో, తొడ ఎత్తులో మరకలుంటాయి, ఆ ఎత్తుని బట్టి గాయం ఎక్కడుందో తెలుస్తుంది. ఒక్కోచోట చుక్క కనపడదు, చీమలు కనపడతాయి. ఆఖరి చుక్క దగ్గర కొమ్మ విరిచి గుర్తు పెట్టి, అక్కణ్నుంచే చుట్టూ వెతకాలి. వెతుకుతూ మధ్య మధ్యలో వెనక్కి తిరిగి ఆ గుర్తులన్నీ కలిపి చూస్తే అది ఎటు పోతోందో అందుతుంది.

ఇంకో రెండు మాటలు. నీ కథ 2019లో అంటావు, ఊరేమో పార్వతీపురం మన్యం జిల్లా అంటావు. ఆ జిల్లా వచ్చింది 2022లో, అప్పటికి సీతంపేట శ్రీకాకుళం జిల్లాయే. పైగా వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచీ ఉంది, దుప్పిని కొడితే కేసు, జైలు. నీ కథలో ఫారెస్టు గార్డు పేరే లేదు. తెల్లారేదాకా అడవిలో కూర్చున్న కుర్రాడికి ఆ భయం ఉండదా? లేదంటే కథని వాళ్ల తాత రోజులకి తీసుకెళ్లు. సవర మాటలు ఊహించి రాయకు, సీతంపేట సంతలో కూర్చుని అడుగు. గిడుగు రామమూర్తి గారు ఆ భాష నేర్చుకుని నిఘంటువే తయారుచేశారు, నువ్వు పది మాటలు అడగలేవా?

ఆ కన్నీళ్లు మాత్రం కొట్టెయ్యి.

చివర్లో దుప్పి దొరకాలా వద్దా అని అడిగావు. పెద్దాయనకి ఒకటి దొరకలేదు. నాతో గెడ్డ దాటుతూ, ఎన్నో ఏళ్ల తర్వాత, ఒక బండ చూపించి "ఆకరి సుక్క ఇక్కడ" అన్నాడు, అంతకుమించి ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. నీది నువ్వే చూసుకో.

వచ్చే నెల శ్రీకాకుళం వస్తాను, కథానిలయం దగ్గర కలుద్దాం. తిరగరాసింది ఫోనులో పంపకు, కాగితం మీద తే. నా కళ్లు అంత బాగాలేవు.

ఉంటాను,
మీ మాస్టారు