మా ఇంట్లో కరెంటు పోతేనే నెట్ వచ్చేది

మేడ మీద రెండో రౌటర్ పెట్టారు, నెట్ వస్తోంది, కింద ఉన్న ప్రింటర్ మాత్రం పైనుంచి కనబడట్లేదు, లోకల్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో ఏం మార్చాలి అని కదా అడిగారు. మారుద్దురుగాని, ముందు మా తెనాలి ఇంటి సంగతి వినండి.

కిందటేడు సంక్రాంతికి వెళ్లినప్పుడు పై గదికి సిగ్నల్ అందట్లేదని, హైదరాబాద్‌లో అటక మీద పడున్న నా పాత రౌటర్‌ని సంచిలో వేసుకెళ్లాను. హాల్లో కనెక్షన్ వాళ్లిచ్చిన డబ్బా ఉంది, అదీ రౌటరే. దాన్నుంచి మెట్ల పక్కగా ఓ వైరు పైకి లాగి, పాత రౌటర్ లాన్ పోర్టులో (ఇంట్లోని పరికరాలు కలిపేది) గుచ్చాను. సెట్టింగులేవీ ముట్టుకోలేదు. గీతలు నిండుగా కనిపించాయి, ఒక వీడియో ఆడింది, నేను బస్సెక్కేశాను.

రెండోరోజు నుంచి మొదలు. "ఒరేయ్, నెట్ రావట్లా." సాయంత్రం "వస్తోందిలే." గంటకి మళ్లీ "పోయింది." వారం తర్వాత నాన్న తేల్చి చెప్పారు: "కరెంటు పోతేనే నెట్ వస్తోందిరా. కరెంటు రాగానే పోతోంది." నవ్వాను. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. క్యాలెండర్‌లో పాల లెక్క పక్కనే ఎప్పుడు పోయింది, ఎప్పుడొచ్చింది టైములతో సహా రాసిపెట్టారు. ఈలోగా ఒకతను వచ్చి చూసి, మీ ఇంటి వైరింగే తేడా అని అడాప్టర్ మార్చి డబ్బులు పట్టుకుపోయాడు.

నాన్న లెక్కే కరెక్టు. కింది డబ్బా ఇన్వర్టర్ మీద ఉంది, నా రౌటర్ లేదు. రెండిటికీ కంపెనీ నుంచి వచ్చిన నెట్‌వర్క్ అడ్రసు ఒకటే, 192.168.1.1. బయటికి దారి చూపే 192.168.1.1 ఎవరని ఫోను కేకేస్తే రెండూ "నేనే" అంటాయి. నా రౌటర్ మాట నమ్మిందా, అంతే సంగతులు, దానికి బయటి లైనే లేదు. పైగా రెండూ డీహెచ్‌సీపీ నడుపుతూ ఎవరికి వారు అడ్రసులు పంచిపెడుతున్నాయి. ఒక ఒరలో రెండు కత్తులు. కరెంటు పోగానే ఒక కత్తి ఆరిపోయేది, కిందంతా హాయిగా నెట్!

సరిచేద్దామని వెళ్తే ఇంకో తమాషా. బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే ఒకసారి ఈ రౌటర్ సెట్టింగుల పేజీ, ఇంకోసారి ఆ రౌటర్‌ది. పాస్‌వర్డ్ తప్పంటోంది, మర్చిపోయానేమో అని అరగంట తల పట్టుకున్నాను. చివరికి పైదాన్ని విడిగా తీసి ల్యాప్‌టాప్‌కి వైరుతో కలిపాకే పని జరిగింది.

మీ విషయంలో వైరు వాన్ పోర్టులో (బయటి లైను కలిపేది) ఉండుంటుంది. అందుకే పైన 192.168.0 తోనో ఇంకోదానితోనో మొదలయ్యే అడ్రసులు, కింద వేరే అడ్రసులు. రెండు వేర్వేరు ఇళ్లయిపోయాయి, ప్రింటర్ పక్కింటిది. వైరు తీసి లాన్ పోర్టులో పెడితే చాలని చాలామంది చెప్తారు. ఏమీ మార్చకుండా పెట్టారో, మీరూ క్యాలెండర్ కొనుక్కోవాల్సిందే. ముందు వైరు పీకేయండి. ల్యాప్‌టాప్‌ని పై రౌటర్‌కే కలిపి, దాని లాన్ అడ్రసు 192.168.1.2 చేయండి (కిందిది 192.168.1.1 అయితే). అది మళ్లీ లేచాక కొత్త అడ్రసుతో లోపలికెళ్లి డీహెచ్‌సీపీ ఆపేయండి. ఆ తర్వాతే వైరు లాన్ పోర్టులోకి. ఈ వరస తప్పితే మీ రౌటర్ మిమ్మల్నే లోపలికి రానివ్వదు, నాకు రెండుసార్లయింది.

డీఎన్‌ఎస్‌లో 8.8.8.8 పెట్టండి అన్నీ కుదురుతాయి అనే మహానుభావులు వస్తారు. అది వెబ్‌సైట్ పేరుని నంబరుగా మార్చడానికి, మీ ప్రింటర్‌కి దానితో పనిలేదు. ఇంకొకరు గుండుసూదితో రీసెట్ నొక్కమంటారు. పై రౌటర్‌కి నొక్కితే పర్లేదు. కింది డబ్బాకి నొక్కితే కనెక్షన్ యూజర్ పేరు, పాస్‌వర్డ్ కూడా ఎగిరిపోవచ్చు. అవి మీకెవరూ రాసి ఇచ్చుండరు, ఫోను చేస్తే మనిషి రావడానికి మూడ్రోజులు. ఏది ముట్టుకునే ముందైనా దాని సెట్టింగుల పేజీని ఫోన్లో ఫొటో తీసుకోండి.

ప్రింటర్‌కి మాత్రం కింది డబ్బాలో అడ్రస్ రిజర్వేషన్ (ఎప్పుడూ అదే అడ్రసు ఇచ్చే ఏర్పాటు) పెట్టేయండి, మాది 192.168.1.50. లేకపోతే కొన్నాళ్లకి దాని అడ్రసు మారి, ల్యాప్‌టాప్ పాత అడ్రసులోనే వెతుక్కుంటూ కూర్చుంటుంది.

ఇంకా కుదరకపోతే పై గదిలో ల్యాప్‌టాప్‌కి ఏ అడ్రసు వచ్చిందో ఇక్కడే రాయండి. 169.254 తో మొదలైతే దానికి ఎవరూ అడ్రసు ఇవ్వలేదని అర్థం, వైరు వదులుగా ఉందేమో, లేక పొరపాటున కింది దాంట్లో కూడా డీహెచ్‌సీపీ ఆపేశారేమో చూడండి.