టెండర్ కేసులు వాదించే లాయర్ కావాలంటే...

ప్రశ్న: కాకినాడలో బీటెక్ సివిల్ ఫైనలియర్ చదువుతున్నాను. మా నాన్నగారు చిన్న కాంట్రాక్టర్. ఈమధ్య ఒక డ్రైనేజీ పనికి టెండర్ వేస్తే, అర్హతలు చూసే టెక్నికల్ బిడ్‌లోనే పక్కన పెట్టేశారు. ప్రైస్ బిడ్ తెరిచి ఉంటే ఎల్‌1, అంటే అందరికన్నా తక్కువ ధర కోట్ చేసినవాళ్లం, మేమే అయ్యేవాళ్లమని ఆయన నమ్మకం. వారాల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగి, చివరికి హైకోర్టులో రిట్ వేస్తే కొట్టేశారు. అప్పటికే అవతలివాళ్లు అగ్రిమెంట్ చేసుకుని పని మొదలుపెట్టేశారు. అది చూశాక లా చదివి ఇలాంటి కేసులే వాదించాలనిపిస్తోంది. ఇంట్లోనేమో గేట్ రాయమంటున్నారు. ఈ దారిలో భవిష్యత్తు ఉంటుందా?

జవాబు: ఉంటుందమ్మా. ప్రభుత్వం టెండర్లు పిలిచినంత కాలం, పని దక్కనివాళ్లు కోర్టు మెట్లెక్కుతూనే ఉంటారు. ఎస్టిమేట్లు, డ్రాయింగులు చదవడం వచ్చిన సివిల్ ఇంజనీర్ లాయరైతే ఈ కేసుల్లో బాగా పనికొస్తుంది. అయితే నీ ఉత్తరంలో నాన్నగారి మీద ప్రేమతో పాటు కోపం కూడా కనిపిస్తోంది. కోపంతో ఈ రంగంలోకి వస్తే మొదటి ఏడాదే నిరాశపడతావు. ఎందుకో చెప్తాను.

‘పని మాకే రావాలి’ అన్నది ఈ కేసుల్లో అసలు ప్రశ్న కాదు. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో సెల్‌ఫోన్ సర్వీసుల కోసం 1992లో పిలిచిన టెండర్ల మీద వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1994లో వచ్చిన ఆ టాటా సెల్యులార్ తీర్పే ఈనాటికీ పునాది. ఎవరికి ఇచ్చారన్నది కోర్టు అప్పీలులా తిరిగి విచారించదు, ఆ నిర్ణయానికి వచ్చిన పద్ధతి సరిగా ఉందా లేదా అన్నదే చూస్తుంది. 2006లో జగదీశ్ మండల్ కేసులో దీన్ని రెండు ప్రశ్నలుగా విడదీశారు. దురుద్దేశంతోనో, ఒకరికి మేలు చేయాలనో, బుద్ధున్నవాళ్లెవరూ తీసుకోని విధంగానో నిర్ణయం జరిగిందా? ప్రజాప్రయోజనం దెబ్బతిన్నదా? రెండింటికీ ‘లేదు’ అన్న జవాబొస్తే కోర్టు వేలు పెట్టదు. ఇక టెండర్ షరతుకు రెండర్థాలు వస్తుంటే, ఆ డాక్యుమెంట్ రాసిన సంస్థ చెప్పే అర్థానికే మొగ్గు చూపాలని నాగపూర్ మెట్రోకు సంబంధించిన ఆఫ్కాన్స్ కేసులో 2016లో అన్నారు. అంటే ఓడిన బిడ్డర్ తరఫున వాదించేవాళ్లకు ఆట మొదలయ్యేసరికే సగం మైదానం పోయినట్టే. అలాంటి చోట గెలవాలంటే ఆవేశం చాలదు, కాగితం మీద పట్టుండాలి.

రెండో విషయం తేదీలు. 1979 నాటి రమణ దయారాం శెట్టి కేసు తప్పకుండా చదువు. బొంబాయి విమానాశ్రయంలో రెస్టారెంట్, స్నాక్ బార్ల టెండర్ అది. అయిదేళ్ల అనుభవమున్న రిజిస్టర్డ్ హోటల్ యజమానులే వేయాలని షరతు పెట్టి, ఆ అర్హత లేనివాళ్లకు ఇచ్చారు. తాను పెట్టిన షరతుకు ప్రభుత్వ సంస్థ తానే కట్టుబడి ఉండాలని కోర్టు గట్టిగా చెప్పింది. అయినా కాంట్రాక్టు రద్దు చేయలేదు. పిటిషనర్ నెలల తర్వాత వచ్చాడు, ఈలోగా అవతలివాళ్లు డబ్బు పెట్టి ఏర్పాట్లు చేసుకున్నారు. న్యాయసూత్రం గెలిచింది, పిటిషనర్ ఓడిపోయాడు. పైగా 2018లో, కాంట్రాక్టుల అమలుకు సంబంధించిన స్పెసిఫిక్ రిలీఫ్ చట్టాన్ని సవరించాక, రోడ్లు, నీటి సరఫరా, డ్రైనేజీ లాంటి మౌలిక వసతుల పనుల్లో స్టే రావడం ఇంకా కష్టమైంది. మీ నాన్నగారి ఫైలు చూడకుండా ఆయన కేసు మంచిదో కాదో నేను చెప్పకూడదు. కానీ ఆఫీసుల చుట్టూ తిరిగిన ఆ వారాలు చాలా నష్టం చేసి ఉంటాయి. కేంద్ర ఆర్థిక నిబంధనలు, అంటే జీఎఫ్‌ఆర్ 2017లోని 173వ రూల్ ప్రకారం బిడ్ ఎందుకు తిరస్కరించారని అడిగితే కారణం చెప్పి తీరాలి. రాష్ట్ర పనులకు వేరే నిబంధనలుంటాయి, అయినా అక్కడా మొదటి రోజే రాతపూర్వకంగా అడగడం మంచిది. తర్వాత కోర్టులో ఆ ఉత్తరమే సాక్ష్యం.

పని లోపల ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూడు. కేంద్ర సంస్థల టెండర్లలో ‘సిమిలర్ వర్క్’, అంటే అలాంటి పని ముందే చేసిన అనుభవం ఉండాలన్న షరతు తరచూ ఇలా ఉంటుంది: గత ఏడేళ్లలో అంచనా విలువలో 80 శాతం చేసే పని ఒకటి, లేదా 50 శాతం చేసేవి రెండు, లేదా 40 శాతం చేసేవి మూడు పూర్తి చేసి ఉండాలి. పని విలువ రెండు కోట్లనుకో. కోటీ అరవై లక్షల పని ఒకటి, కోటివి రెండు, ఎనభై లక్షలవి మూడు, వీటిలో ఏదో ఒకటి చూపించాలి. ఏడేళ్లు ఏ తేదీకి ముగియాలి? సర్టిఫికెట్‌లో ఉన్నది అగ్రిమెంట్ విలువా, ఫైనల్ బిల్లు విలువా? డ్రైనేజీకి మంచినీటి పైప్‌లైన్ సిమిలర్ అవుతుందా? కేసంతా ఇలాంటి చోటే తిరుగుతుంది. ప్రతి షరతూ ఒకే బరువుతో ఉండదు కూడా. వారణాసి డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ టెండర్‌లో ధరావత్తు నగదుగానో స్టేట్ బ్యాంక్ డీడీగానో కట్టమంటే, ఒకరు యూనియన్ బ్యాంక్ చెక్కు ఇచ్చారు. అది అసలు షరతు కాదు, అనుబంధ షరతు, సడలించవచ్చని పొద్దార్ స్టీల్ కేసులో 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇవి చదువుతుంటే నీకు ఆసక్తి పెరిగితే ఈ రంగం నీకు సరిపోతుంది. విసుగొస్తే ఇప్పుడే తెలిసినందుకు మంచిదే అనుకో.

డిగ్రీ అవగానే లాలోకి దూకమని నేను చెప్పను. ముందు ఒకటి రెండేళ్లు ఏదైనా నిర్మాణ సంస్థలో టెండరింగ్ లేదా కాంట్రాక్ట్స్ విభాగంలో చేరు. బిడ్లు వేయడానికి ముందు జరిగే ప్రీబిడ్ మీటింగుల్లో సందేహాలు రాయడం, కారిజెండంలు, అంటే టెండర్‌కు వచ్చే సవరణలు వెంటాడటం, గడువు రోజు రాత్రి పోర్టల్‌లో డిజిటల్ సిగ్నేచర్ పని చేయక టెన్షన్ పడటం, ఇవన్నీ నీ చేతుల మీదుగా జరగాలి. చాలా టెండర్లు పోయేది ఆ బల్ల దగ్గరే. మీ నాన్నగారి తర్వాతి టెండర్ ఫైలు నువ్వే తయారుచేసినా ఆ అనుభవం మొదలైనట్టే.

ఆ తర్వాత లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరవచ్చు. జనరల్ కేటగిరీకి డిగ్రీలో 45 శాతం మార్కులు చాలు. 120 ప్రశ్నల్లో సగం లా మీదే ఉంటాయి. ఎల్‌ఎల్‌బీ మాత్రం రెగ్యులర్‌గానే చదవాలి, దూరవిద్యలో చేస్తే లాయర్లను ఎన్‌రోల్ చేసుకునే బార్ కౌన్సిల్ ఒప్పుకోదు. ఎన్‌రోల్ అయ్యాక ఫుల్‌టైమ్ జీతం ఉద్యోగం చేస్తూ ప్రాక్టీస్ చేయడం కుదరదు కాబట్టి, అప్పటికి కొంత డబ్బు దాచుకుని ఉండాలి. జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది. అది సూచన మాత్రమే, చాలా ఆఫీసుల్లో అంత రాదు. ఇంట్లో ఈ మాట దాచకుండా చెప్పు.

ఇక గేట్. రాయి, నష్టం లేదు. గేట్ స్కోరుతో ఇంజనీర్లను తీసుకునే ఎన్‌టీపీసీ, పవర్‌గ్రిడ్ లాంటి ప్రభుత్వ సంస్థల్లో కాంట్రాక్ట్స్ అండ్ మెటీరియల్స్ విభాగాలున్నాయి. ఉద్యోగం వచ్చి అలాంటి చోట పోస్టింగ్ దొరికితే, టెండర్ పిలిచేవాళ్ల వైపు నుంచి ఇదే పని నేర్చుకుంటావు. కారణాలు రాయకుండా బిడ్ తిరస్కరించని అధికారులు కూడా మనకు కావాలమ్మా. కొన్నేళ్లు అక్కడ పనిచేశాక లా చదవాలనిపిస్తే అప్పుడూ చదవవచ్చు, లాసెట్‌కు వయోపరిమితి లేదు.