పుస్తకాల బీరువా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

శాస్త్ర పరిశోధన కోసం సాగిన పాత సముద్ర యాత్రల పుస్తకాలు, వాటి మొదటి ముద్రణల గురించి ఈ నెల నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నలివి.

ప్రశ్న: డార్విన్ ‘బీగిల్’ ఓడ యాత్ర పుస్తకం ఆన్‌లైన్‌లో రెండున్నర వేలకే ఉంది. ‘1839 ఎడిషన్, లెదర్ బైండింగ్, బంగారు అక్షరాలు’ అని రాశారు. కొనొచ్చా? – ఒక పాఠకుడు, ఒంగోలు

చదువుకోవడానికైతే నిక్షేపంగా కొనండి. సేకరణ కోసమైతే పైసా కూడా పెట్టొద్దు. ఇవి ఆర్డరు వచ్చాక అచ్చువేసే రీప్రింట్లు. ఉచితంగా దొరికే స్కాన్‌ని ప్రింటు తీసి, తోలు అట్ట వేసి, వెన్ను మీద అక్షరాలు అద్దుతారు. ‘1839’ పైన పెద్దగా ఉంటుంది, ‘రీప్రింట్’ అన్న మాట కిందెక్కడో వివరాల్లో దాక్కుంటుంది. స్కాన్ చేసేవాళ్లు చాలాసార్లు మడత పటాలు విప్పరు. అందుకని ఇలాంటి పుస్తకాల్లో పటం ఉండాల్సిన చోట మడిచిన కాగితం ఫొటో కనిపిస్తుంది!

అసలుది లండన్‌లో హెన్రీ కోల్‌బర్న్ ప్రచురించిన మూడు సంపుటాల సెట్టు. రెండో సంపుటానికి విడిగా ఒక అనుబంధం కూడా ఉంది. మొదటి సంపుటం అంతకుముందు యాత్ర నడిపిన కెప్టెన్ కింగ్‌ది, రెండోది డార్విన్ వెళ్లిన యాత్రలో ‘బీగిల్’ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్‌ది, మూడోది డార్విన్‌ది. అదే 1839లో డార్విన్ భాగాన్ని ‘జర్నల్ ఆఫ్ రిసెర్చెస్’ అని కొత్త టైటిల్ పేజీతో విడిగా కూడా అమ్మారు. లోపలి కాగితాలు మాత్రం అవే. 1845లో జాన్ మరే వేసిన రెండో ఎడిషన్‌లో డార్విన్ చాలా మార్చాడు. గాలాపగోస్ పిచ్చుకల ముక్కుల గురించి అందరూ ఎత్తిచెప్పే వాక్యం అందులో చేరిందే, 1839లో ఉండదు. చిన్న బడ్జెట్‌వాళ్లకు 1845ది చెడ్డ ఎంపిక కాదని మా అభిప్రాయం. ఇంకో గుర్తు: టైటిల్ పేజీ మీద ‘ది వాయేజ్ ఆఫ్ ది బీగిల్’ అనే పేరే ఉంటే అది 1905కి ముందుది కాదు.

పుస్తకం చేతికొస్తే పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం పెట్టి బొమ్మ చూడండి. చెక్కి అచ్చువేసిన గీత ఏకధాటిగా, సిరా కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. నకలైతే గీతంతా సన్నటి చుక్కలుగా విడిపోతుంది. తర్వాత గదిలో లైటు తీసి, టార్చిని పేజీకి పక్కగా ఆనించి వెలిగించండి. సీసం అక్షరాలతో నొక్కి అచ్చువేసిన పేజీ వెనకవైపు ఆ నొక్కుడు గరుకుగా కనబడుతుంది. జిరాక్సు, ఆఫ్‌సెట్ పేజీలు నున్నగా ఉంటాయి.

ప్రశ్న: కెప్టెన్ కుక్ మూడో యాత్ర, 1784 ముద్రణ, మూడు సంపుటాలు చెన్నైలో బేరానికి వచ్చాయి. పేజీ నంబర్లన్నీ సరిపోయాయి. పూర్తి సెట్టేనా? – ఒక లెక్చరర్, నెల్లూరు

కాకపోవచ్చు. మొదటి సందేహం: అట్లాస్ ఏది? మూడు సంపుటాలతోపాటు పటాలు, బొమ్మల పెద్ద సైజు సంపుటం ఒకటి విడిగా ఉంటుంది. పెద్దది కాబట్టి అరలో పట్టక విడిపోతుంది, లేదా బొమ్మలు చింపి ఫ్రేములు కట్టించుకుంటారు. అది లేకపోతే మీ చేతిలో ఉన్నది సగం సెట్టే. ధర కూడా ఆ లెక్కనే అడగండి.

ఇక నంబర్ల సంగతి. రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన బొమ్మల పేజీలు, అంటే ప్లేట్లు, విడిగా అచ్చై, బైండింగప్పుడు మధ్యలో చేరేవి. చాలావాటికి పేజీ నంబరు ఉండదు. పది ప్లేట్లు పోయినా నంబర్ల వరస చెక్కుచెదరదు. అందుకే ముందు ప్లేట్ల జాబితాకోసం వెతకండి. సాధారణంగా మొదట్లోనో చివర్లోనో, బైండరుకి సూచనల రూపంలో ఉంటుంది. పెన్సిలుతో కాదు, విడి కాగితం మీద టిక్కు పెట్టుకుంటూ ఒక్కోటీ సరిచూడండి.

తర్వాత పేజీ అడుగున ఉండే బి, బి2, సి, సి2 లాంటి గుర్తులు చూడండి. అవి మడతల వరస. ఈ క్వార్టో సైజులో (పెద్ద కాగితాన్ని రెండుసార్లు మడిచేది) ఒక్కో అక్షరానికి నాలుగు కాగితాలు, అంటే ఎనిమిది పేజీలు. అప్పటి అచ్చువాళ్లు 23 అక్షరాలే వాడేవారు. ఐ, జేలలో ఒకటి, యు, విలలో ఒకటి, డబ్ల్యూ ఉండవు. ఐ పక్కన కె వస్తే కంగారుపడొద్దు.

ప్లేటు ఉన్నంత మాత్రాన ఆ పుస్తకానిదే అనుకోవద్దు. చిరిగిపోయిన ఇంకో ప్రతిలోంచి తెచ్చి అతికించడం పాత వ్యాపారమే. ఎదుటి పేజీ మీద బొమ్మ నీడలా గోధుమరంగు మచ్చ పడి ఉంటే అది మొదట్నుంచీ అక్కడే ఉందని నమ్మొచ్చు. ముందు పేజీల్లో, వెనక పేజీల్లో తడిమరక ఉండి, మధ్యలో ప్లేటు మాత్రం తెల్లగా ఉంటే అనుమానించండి. కాగితాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి నీటిముద్ర చూడండి. 1794 నుంచి ఇంగ్లీషు కాగితాల్లో నీటిముద్రతోపాటు సంవత్సరం వేయడం మామూలైంది. 1784 పుస్తకంలో అలాంటి సంవత్సరం కనిపించిన ప్లేటు తర్వాత వచ్చి చేరిందే.

కుక్ మరణం బొమ్మ లేదని మాత్రం బేరం చెడగొట్టుకోకండి. అది ఈ సెట్టుతోపాటు వెలువడింది కాదు, ఉంటే అదనం.

ప్రశ్న: మా ఇల్లు సముద్రానికి దగ్గర. పుస్తకాలకు బూజు, పురుగు పడుతున్నాయి. కలరా ఉండలు, వేపాకు వేస్తున్నాం, తగ్గడం లేదు. – ఒక గృహిణి, సింగరాయకొండ

తగ్గవమ్మా. అసలు జబ్బు తేమ. గాలిలో తేమ 65 శాతం దాటి అలాగే నిలిస్తే బూజు లేస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాల కాలంలో, మన తీరంలో ఆ గీత దాటని రోజు తక్కువ. సిల్వర్‌ఫిష్ అనే వెండిరంగు పురుగుకి కూడా తేమే కావాలి. అది అట్ట గుడ్డకి పెట్టిన గంజి, కాగితానికి పట్టించిన జిగురు తిని బతుకుతుంది. పచ్చి వేపాకు వేస్తే ఆకులోని తడి కూడా పుస్తకానికే చేరుతుంది. కలరా ఉండలు కాగితానికి వాసన, మీకు తలనొప్పి ఇస్తాయి తప్ప తేమని తగ్గించవు.

ముందు తేమ కొలిచే చిన్న హైగ్రోమీటరు ఒకటి కొని బీరువాలో పెట్టండి. 45 నుంచి 55 శాతం మధ్య ఉంచడం లక్ష్యం. బీరువాని గోడకి జానెడు దూరం జరపండి, ముఖ్యంగా వర్షం కొట్టే తూర్పు, ఉత్తరపు గోడలకి. కింది అర నేలకి కనీసం అడుగు ఎత్తులో ఉండాలి. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానులాంటిది వస్తే అడుగు కూడా చాలదు. విలువైనవి పై అరలో, మూతపెట్టిన ప్లాస్టిక్ డబ్బాల్లో ఉంచండి. డబ్బాలో రంగు మారే సిలికా జెల్ సంచులు వేయండి. రంగు మారాక ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెడితే మళ్లీ పనికొస్తాయి. రాత్రి ఏసీ వేసి పగలంతా ఆపేయడం అసలు వేయకపోవడం కంటే చెడ్డది. చల్లబడిన అట్టల మీద తేమ పేరుకుంటుంది.

పురుగు పట్టిన పుస్తకానికి మందు డీప్ ఫ్రీజరే. జిప్ సంచిలో పెట్టి గాలి తీసేసి, మైనస్ 18 డిగ్రీల దగ్గర మూడు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక పూర్తి రోజు సంచి విప్పొద్దు. వెంటనే విప్పితే చల్లటి కాగితం మీద నీళ్లు దిగుతాయి. బూజు పట్టినదాన్ని మాత్రం తడిగా ఉండగా తుడవకండి. ఆరాక, మాస్కు పెట్టుకుని, ఆరుబయట మెత్తటి కుంచెతో దులపండి.

ప్రశ్న: మడత పటం చిరిగింది. సెల్లోటేపు వేయొచ్చా? మా బైండరు మైదా జిగురు అంటున్నాడు. – ఒక విద్యార్థి, ఒంగోలు

టేపు వద్దు. కొన్నేళ్లకి జిగురు కాగితంలోకి ఇంకి, తీసినా పోని పసుపు చార మిగులుతుంది. మైదా జిగురులో పురుగు పట్టకుండా బైండర్లు మైలుతుత్తం కలుపుతారు. అందులోని రాగి కాగితాన్ని పెళుసెక్కిస్తుంది. గోధుమ పిండి నుంచి తీసిన శుద్ధ స్టార్చి జిగురు, పల్చటి జపాన్ కాగితం కావాలి. చిరుగు వెనకవైపున వేయాలి. చేయి తిరగకపోతే పటాన్ని విప్పకుండా అలాగే ఉంచేయండి.

ప్రశ్న: లక్షలు పెట్టలేను. దేంతో మొదలుపెట్టాలి? – ఒక బ్యాంకు ఉద్యోగి, కావలి

మన బంగాళాఖాతంతో మొదలుపెట్టండి. భారత సముద్ర సర్వే ఓడ ‘ఇన్వెస్టిగేటర్’ మీద సర్జన్‌గా, జంతుశాస్త్రవేత్తగా పనిచేసిన ఆల్కాక్ రాసిన ‘ఎ నాచురలిస్ట్ ఇన్ ఇండియన్ సీస్’ 1902లో జాన్ మరే వేసింది. మన సముద్రంలోని లోతు చేపలు, పీతల గురించి ఇంత ఇష్టంగా రాసిన పుస్తకం మరొకటి తక్కువ. కుక్, డార్విన్‌లకు పెట్టేదాంట్లో చిన్న వంతుతో దొరుకుతుంది.

ఆస్ట్రియా ఓడ ‘నొవారా’ 1857–59లో ప్రపంచం చుట్టింది. 1858లో మద్రాసులోనూ ఆగింది. దాని ఇంగ్లీషు సంపుటాలు మూడు, 1861 నుంచి 63 దాకా లండన్‌లో వచ్చాయి. అసలు మొదటి ముద్రణ జర్మన్‌ది. కేటలాగులో ‘ఫస్ట్ ఇంగ్లిష్ ఎడిషన్’ అని ఉంటే ఆ తేడా గమనించండి. బ్రిటిష్ సముద్ర పరిశోధన ఓడ ‘చాలెంజర్’ నివేదిక 50 సంపుటాలు, 1880 నుంచి 1895 వరకు వచ్చినవి, సెట్టుగా కొనేంత స్థలం ఎవరి ఇంట్లోనూ ఉండదు. విడి సంపుటాలు లైబ్రరీలు తీసేసినవి దొరుకుతాయి. ప్లేటు మధ్యలో లైబ్రరీ ముద్ర పడిందేమో అడగండి.

విజయవాడ లెనిన్ సెంటరు, హైదరాబాద్ ఆబిడ్స్ ఆదివారం సంత, చెన్నై మూర్ మార్కెట్ సరదాగా తిరగడానికి బాగుంటాయి. ఇలాంటివి అక్కడ దొరకడం అరుదు. విదేశీ డీలర్ల దగ్గర కొనేటప్పుడు వివరణలో ‘డబ్ల్యూ.ఎ.ఎఫ్.’ అని మూడక్షరాలు కనిపిస్తే ఆగండి. లోపాలన్నింటితో ఉన్నదున్నట్టు అమ్ముతున్నాం, వాపసు లేదని దానర్థం. ‘రీబ్యాక్డ్’ అంటే వెన్ను కొత్తది. ముద్రణ సంవత్సరం ఇన్‌వాయిస్ మీద స్పష్టంగా రాయించండి. నూరేళ్లు దాటినవాటికి కస్టమ్స్ కోడ్ వేరు. తిరిగి విదేశాలకి అమ్మాలనుకుంటే 1972 నాటి పురావస్తు చట్టం అడ్డొస్తుంది. నూరేళ్లు దాటిన వస్తువు పురావస్తువు కిందికి వస్తే సొంతంగా ఎగుమతి చేయడానికి వీల్లేదు. పార్సిల్ కట్టకముందే పురావస్తు శాఖని అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.