కారు డాష్‌బోర్డు చెక్క బాగుచేసే పని నేర్చుకుంటే బతుకు గడుస్తుందా?

వరంగల్ నుంచి ఒక తల్లి అడిగారు: "మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. మా నాన్నగారు ఫర్నిచర్ పాలిష్ మేస్త్రీ, వీడు చిన్నప్పటి నుంచి ఆయన వెంటే తిరిగాడు. ఈ మధ్య తెలిసినవాళ్ల పాత మెర్సిడెస్‌లో పగుళ్లిచ్చిన చెక్క ముక్కలు విప్పి తెచ్చి, గీకి, మళ్లీ మెరిసేలా చేశాడు. అప్పటి నుంచి ఇంజనీరింగ్ వద్దు, ఇదే చేస్తానంటాడు. మావారు ఒప్పుకోవడం లేదు, ఇంట్లో రోజూ గొడవే."

అమ్మా, మీవాడు అడుగుతున్నది పనికిమాలిన పనేం కాదు, కానీ అదొక్కటే నమ్ముకుంటే మాత్రం కష్టం. దీని అసలు ఊరు ఇంగ్లండ్, జర్మనీ. జాగ్వార్, బెంట్లీ, రోల్స్ రాయిస్, మెర్సిడెస్ వాళ్లు వాల్‌నట్ లాంటి చెక్కను మిల్లీమీటరు కూడా ఉండని పొరగా కోసి, ప్లైవుడ్ మీదో అల్యూమినియం మీదో అతికించి, పైన మందంగా లక్కర్ (గట్టిగా ఆరే మెరుపు పూత) వేసేవారు. ఆ పొరే వెనీర్. 1995లో పూణెలో మెర్సిడెస్ డబ్ల్యూ124 అనే మోడల్ తయారీ మొదలయ్యాక మన రోడ్ల మీద కూడా ఇలాంటి కార్లు పెరిగాయి, ఇప్పుడవి పాతబడి చేతులు మారుతున్నాయి. మన ఎండకి మూసిపెట్టిన కారులో డాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటగలదు. లోహం, చెక్క, లక్కర్ ఒక్కోటి ఒక్కో రకంగా సాగుతాయి కాబట్టి ముందు లక్కర్ చిట్లుతుంది, ఆ సందుల్లోంచి తేమ దిగి వెనీర్ లేస్తుంది. అంటే పని ఉంది. రోజూ ఉంటుందా అంటే లేదు.

మీవాడు ఎంతవరకు నేర్చుకున్నాడో చూడాలంటే మెరుపు చూడకండి, వాణ్ణి కొన్ని ప్రశ్నలు అడగండి. చేతిలో ఉన్నది నిజం చెక్కేనా, లేక ప్లాస్టిక్ మీద అచ్చేసిన చెక్క బొమ్మా? చాలా కార్లలో రెండోదే ఉంటుంది, గీకితే బొమ్మ మొత్తం పోతుంది. పగులు పైనున్న లక్కర్‌లోనే ఉందా, వెనీర్‌లోకి దిగిందా? లక్కర్ వరకే అయితే హీట్ గన్‌తో మెత్తబరిచి జాగ్రత్తగా లేపి, కొత్త కోటింగ్ వేసుకోవచ్చు. వెనీర్ కూడా పోయిందంటే కొత్త వెనీర్ అతికించాలి. అసలు కష్టం ఎమరీ పేపర్ దగ్గర. తాతగారు టేకు తలుపు మీద రుద్దినట్టు ఇక్కడ రుద్దితే రెండు నిమిషాల్లో కింద అల్యూమినియం కనిపిస్తుంది, పోయిన ఆ వెనీర్‌ని ఇక తిరిగి తేలేం. రంగు ఇంకో తలనొప్పి. ఒక్క ముక్క కొత్తగా చేసి పెడితే పక్కనున్న ఎండకు వెలిసిన ముక్కలు ఎబ్బెట్టుగా కనిపిస్తాయి, కాబట్టి సెట్ మొత్తం చేయాల్సి వస్తుంది, దానికి కస్టమర్‌ని ఒప్పించడం కూడా పనిలో భాగమే. డాష్‌బోర్డు మెరవాలని జనం కొట్టే సిలికాన్ స్ప్రే కొంచెం మిగిలినా కొత్త కోటింగ్‌లో గుంటలు పడతాయి, పెయింటర్లు ఫిష్ ఐ అంటారు. అది ఎందుకొస్తుందో వాడు చెప్పగలిగితే, వాడు సరదాకి చేయట్లేదు, ఆలోచించి చేస్తున్నాడు.

తాతగారి చేయి వాడికి పెద్ద ఆస్తి, కాదనను. కానీ ఆయన వాడే లక్క పాలిష్ కారు వేడికి మెత్తబడుతుంది. ఇక్కడ హార్డెనర్ (పూతను గట్టిపరిచే మందు) కలిపి కొట్టే పీయూ క్లియర్, అంటే పాలీయురేథేన్ పారదర్శక పూత కావాలి. దీని గురించి మాత్రం మీరు నిజంగానే టెన్షన్ పడాలి. ఆ హార్డెనర్‌లో ఐసోసైనేట్లనే రసాయనాలుంటాయి, స్ప్రే చేసేటప్పుడు పీలిస్తే ఆస్తమా రావచ్చు, ఒకసారి ఒంటికి పడకుండా పోతే ఆ తర్వాత కొంచెం తగిలినా ఊపిరాడదు. మూతికి కర్చీఫ్ కట్టుకుని కొట్టే షాపులు బోలెడున్నాయి, అలాంటిచోట పనికి పంపకండి. బయటి గాలి గొట్టంతో అందే మాస్కు ఉండాలి. అలాగే స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్ చుట్టూ ఉన్న ముక్కల్ని తెలియకుండా విప్పనివ్వకండి, అది కారు మెకానిక్ చేయాల్సిన పని.

ఇక చదువు. నా మాటైతే ముందు ఇంటర్ పరీక్షలు రాయనివ్వండి, వాటిని వదిలే ప్రసక్తే లేదు. తర్వాత ఇష్టం లేని బీటెక్‌లో నాలుగేళ్లు ఫీజులు కట్టేకంటే ఐటీఐలో ఆటో బాడీ పెయింటింగ్ ఒక ఏడాది చేయించడం మేలు. చెక్క పని ఇంట్లోనే ఉంది కాబట్టి వాడికి రానిది స్ప్రే గన్, రంగు కలపడం, మాస్కింగ్ (రంగు పడకూడని చోట కప్పడం), కారు విప్పి బిగించడం. ఆ తర్వాత మంచి పెయింట్ షాపులో అప్రెంటిస్‌గా చేరాలి. నెలకు వెనీర్ పని ఒకటో రెండో వచ్చినా, మిగతా రోజులు కార్ల పెయింటింగ్, ఇళ్లలో పీయూ పాలిష్ తిండి పెడతాయి. కొత్త కార్లలో ఈ మెరిసే చెక్క తగ్గి స్క్రీన్లు పెరుగుతున్నాయి, అందుకే ఈ ఒక్క పని మీద షాపు పెడతానంటే ఇప్పుడే వద్దనండి. ఎవరైనా లండన్ ఆశ పెడితే, రోల్స్ రాయిస్ వాళ్లు ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్ ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌లను తీసుకునే మాట నిజమే కానీ అక్కడ పనిచేసే హక్కు ఉన్నవాళ్లకే ఆ దారి, ఏజెంట్‌కి డబ్బు కట్టకండి.

మీవారికి డిగ్రీ లేదన్నదే బాధైతే అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బీకాం కట్టించండి. సొంతంగా పని చేసుకునేవాడికి లెక్కలు, బిల్లులు, జీఎస్టీ ఎలాగూ కావాలి. ఈలోగా వేసవి సెలవుల్లో స్క్రాప్ షాపు నుంచి బాగా పాడైన ట్రిమ్ సెట్ (కారు లోపలి చెక్క ముక్కల సెట్) ఒకటి కొనివ్వండి. మీవారు వాడు చేస్తుంటే పక్కన కూర్చోనక్కర్లేదు, అయ్యాక ఇద్దరూ కలిసి తెలిసిన పెయింట్ షాపు ఓనర్ దగ్గరికి తీసుకెళ్లి, ఎవరు చేశారో చెప్పకుండా, దీనికి ఎంత ఇస్తారని అడగమనండి.